గడి చెదరకుండా: నీడిల్‌పాయింట్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

కాన్వాస్ మీద ఊలుతోనో కాటన్ దారంతోనో కుట్టే నీడిల్‌పాయింట్ గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. రంగులు, డిజైన్ల గురించి ఎవరూ పెద్దగా అడగలేదు. కుట్టు వంకరపోయిందనో, దారం పీచు లేచిందనో, కాన్వాస్ వాలిపోయిందనో రాశారు. వీటిలో చాలావాటికి మందు మొదటి కుట్టు వేయకముందే ఉంది.

ప్రశ్న: మ్యాటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్ ఏళ్ల తరబడి కుడుతున్నాను. మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ బొమ్మ పెయింట్ చేసిన కాన్వాస్ తెచ్చింది. అంచు మీద 18 అని ఉంది. దారాలు లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– సికింద్రాబాద్

జవాబు: మీకు కుట్టు కొత్త కాదు, బట్టే కొత్త. మ్యాటీలో కుట్టు పడని చోట బట్ట కనబడినా అందమే. కాన్వాస్‌లో ఒక్క గడీ ఖాళీగా వదలరు, కాన్వాస్ మొత్తాన్నీ దారం కప్పేయాలి. ఇంకో తేడా ఏమిటంటే, కాన్వాస్ అంత బిరుసుగా ఉండేది గంజి వల్ల. పడుగుకీ పేకకీ (నిలువు, అడ్డం పోగులకీ) మధ్య అంత ఖాళీ ఉన్న నేతను కదలకుండా పట్టి ఉంచేది ఆ గంజే. మడతపెట్టినా, గుప్పిట్లో నలిపినా, తడిచేత్తో పట్టుకున్నా గంజి విరిగిపోయి గళ్లు జరుగుతాయి. జరిగిన గళ్లలో ఎంత నేర్పుగా కుట్టినా వరస తిన్నగా రాదు.

18 అంటే అంగుళానికి 18 గళ్లు. చదరపు అంగుళానికి 324 కుట్లు. బొమ్మ పది అంగుళాల చదరమైతే 32,400 కుట్లు పడతాయి, పండక్కి పూర్తి చేస్తానని ఎవరికీ మాటివ్వకండి.

సూది మొన మొద్దుగా ఉండే టేపెస్ట్రీ సూదే కావాలి. మామూలు సూది కాన్వాస్ పోగును చీల్చుకుంటూ పోతుంది. 18 గళ్లకు 22వ నంబరు, 13, 14 గళ్లకు 20, 10, 12 గళ్లకు 18. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. దారం ఎక్కించిన సూది పక్క పోగులను నెట్టకుండా కన్నంలోంచి జారిపోవాలి, అదే పరీక్ష.

దారానికి మన ఊళ్లలో దొరికే ఆరు పోగుల యాంకర్ కంపెనీ కాటన్ దారం లచ్చి చాలు. 18 మీద నాలుగు పోగులు చాలామందికి సరిపోతాయి. కానీ ఆరు పోగుల దారంలోంచి నాలుగింటిని కలిపి లాగేయకండి. ఒక్కొక్క పోగునూ విడిగా లాగి, మళ్లీ నాలుగూ పక్కపక్కన పెట్టి ఎక్కించండి. కలిపి లాగితే పాత పురి అలాగే ఉండిపోయి, దారం తాడులా గుండ్రంగా కూర్చుంటుంది. విడదీసినవి చదునుగా పరుచుకుని గడిని నిండుగా కప్పుతాయి. బొమ్మలో పడని అంచు దగ్గర అంగుళం కుట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కుట్ల మధ్య తెల్లగా మెరిస్తే ఒక పోగు పెంచండి, సూది ఇరుక్కుంటుంటే తగ్గించండి.

బొమ్మ చుట్టూ రెండు, మూడు అంగుళాల ఖాళీ కాన్వాస్ ఉందో లేదో చూసుకోండి. దాన్ని కత్తిరించాలనిపిస్తుంది, కత్తిరించకండి. అంచుల మీద మాస్కింగ్ టేపు మడిచి అతికించండి, లేకపోతే పోగులు ఊడిపోవడమే కాక, కుట్టే దారం ప్రతిసారీ ఆ బిరుసు అంచుకు తగులుకుంటుంది.

మొదలుపెట్టేటప్పుడు వెనక ముడి వేయొద్దు, ముందు వైపు గుబ్బగా తెలుస్తుంది. దారం చివర ముడి వేసి, మీరు కుట్టబోయే దారిలోనే అంగుళంన్నర ముందుకు, పైనుంచి కిందికి గుచ్చండి. ముడి పైన ఉంటుంది, తోక వెనక పడుకుంటుంది. దాని మీదుగా కుట్టుకుంటూ వచ్చి, ముడి దగ్గరికి చేరాక దాన్ని కత్తిరించేయండి. దీన్నే వేస్ట్ నాట్ అంటారు.

ప్రశ్న: కుషన్ కోసం 14 అంగుళాల చదరం కుట్టాను. పూర్తయ్యేసరికి చదరం కాస్తా పక్కకు ఒరిగిపోయింది. ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుందా?
– తెనాలి

జవాబు: ఇస్త్రీ వద్దు. ఊలు అణిగిపోయి మెరుపు తేలుతుంది, వాలు మాత్రం అలాగే ఉంటుంది.

ముందు వెనక్కి తిప్పి చూడండి. ముందు వైపు ఒకేలా కనబడే ఏటవాలు కుట్టు, టెంట్ స్టిచ్, మూడు రకాలుగా వేయొచ్చు. వెనక పొట్టి నిలువు కుట్లు కనబడితే మీరు వేసింది హాఫ్ క్రాస్. పొడుగ్గా ఏటవాలుగా ఉంటే కాంటినెంటల్. చాప అల్లినట్టు అడ్డం, నిలువు కలిసి ఉంటే బాస్కెట్‌వీవ్. మీ కుట్టు వెనక చాప కనబడకపోవచ్చని మా అనుమానం.

కారణం ఇదీ. ప్రతి కుట్టూ ఎడమ కింది నుంచి కుడి పైకి, ఒకే దిక్కుగా, కాస్తంత లాగుతుంది. మీది 12 గళ్ల కాన్వాస్ అయితే ఇరవై ఎనిమిది వేలకు పైగా కుట్లు అటే లాగాయి. ఒరక్కుండా ఎలా ఉంటుంది? బాస్కెట్‌వీవ్‌లో వెనక దారం ఒక వరసలో అడ్డంగా, తర్వాతి వరసలో నిలువుగా పడుతుంది కాబట్టి రెండు వైపుల నుంచీ పట్టి ఉంచుతుంది. దారం ఎక్కువ పడుతుందని దాన్ని వదిలేస్తారు గానీ, కాగితం మీద లెక్క వేస్తే హాఫ్ క్రాస్‌కు 100 అంగుళాలు పట్టే చోట బాస్కెట్‌వీవ్‌కు 141, కాంటినెంటల్‌కు 151. అంటే కాంటినెంటల్ కన్నా బాస్కెట్‌వీవే పొదుపు. ఇరుకైన చోట, ఒక్క వరస గీత దగ్గర కాంటినెంటల్ తప్పదు. మిగతా అంతటా బాస్కెట్‌వీవే వేయమంటాం. హాఫ్ క్రాస్‌ను ఒంటి పోగుల మామూలు మోనో కాన్వాస్ మీద అసలు వేయొద్దు, పోగుల కూడళ్లు కదిలేవి కావడంతో కుట్టు పక్కకు జారిపోతుంది. పోగులు ఒకదాన్నొకటి మెలివేసుకుని ఉండే ఇంటర్‌లాక్ మీద, జంట పోగుల పెనెలోప్ మీద అయితే నిలబడుతుంది.

ఇప్పుడు మీ కుషన్ సంగతి. దీన్ని తడిపి, లాగి, ఆరబెట్టాలి. ముందు రంగు పరీక్ష తప్పనిసరి: తెల్ల నూలుగుడ్డ తడిపి, వాడిన ప్రతి రంగు దారం ముక్కనూ అందులో పది నిమిషాలు నొక్కి ఉంచండి. పెయింట్ చేసిన కాన్వాస్ అయితే అంచు మీది పెయింట్‌ను కూడా అలాగే చూడండి. ముదురు ఎరుపు, మెరూన్‌లను ప్రత్యేకంగా చూడండి. గుడ్డకు రంగు అంటితే తడపడం మానేయాలి. పట్టుదారం వాడి ఉన్నా అంతే.

రంగు పోకపోతే, గుండుసూది దిగే మెత్తని బోర్డు మీద గళ్ల గుడ్డ పరిచి బిగించండి. ఆ గళ్లే మీకు కొలబద్ద. కుట్టిన ముఖం కిందికి పెట్టి, వెనక చన్నీళ్లు స్ప్రే చేయండి. చెమ్మగిల్లాలి, కారకూడదు. గంజి మెత్తబడుతుంది. అప్పుడు ఒరిగిన దిక్కుకు ఎదురుగా మూల నుంచి మూలకు, ఇద్దరు పట్టుకుని లాగండి. తుప్పు పట్టని పిన్నులు అర అంగుళానికొకటి, కుట్టులో కాదు, ఖాళీ అంచులోనే గుచ్చండి. ముందు నాలుగు మూలలు, తర్వాత నాలుగు వైపుల మధ్యలు, ఆపైన మిగతావి. ఫ్యాన్ కింద ఒకటి రెండు రోజులు, వానాకాలంలో మూడు రోజులైనా పడుతుంది. ఎండలో వద్దు. పూర్తిగా ఆరకముందు పిన్ను తీస్తే మళ్లీ ఒరిగిపోతుంది, గంజి తిరిగి గట్టిపడేది చివర్లోనే. బాగా ఒరిగినదానికి ఒక్కసారితో పని అవ్వదు, రెండుమూడు సార్లు చేయాలి.

ప్రశ్న: మా ఇంట్లో మగ్గం వర్క్ స్టాండ్ ఉంది. కాన్వాస్‌ను దానికి బిగించొచ్చా, గుండ్రటి రింగు చాలా?
– వరంగల్

జవాబు: రింగు అసలు వద్దు. బిరుసు కాన్వాస్ దానిలో మడతపడి, ఆ గుండ్రటి మడత చివరిదాకా పోదు. మగ్గం స్టాండ్ భేషుగ్గా పనికొస్తుంది. ఖాళీ అంచుకు నాలుగు వైపులా గట్టి నూలుగుడ్డ పట్టీ కుట్టి, ఆ పట్టీని చీరకు చేసినట్టే పురికొసతో కర్రలకు లాగి కట్టండి. తట్టితే డప్పులా మోగాలి. పడుగు, పేక కర్రలకు సమాంతరంగా ఉన్నాయో లేదో కట్టాక మరోసారి చూసుకోండి. ఫ్రేము మీద సూదిని ఒకే లాగుడులో రెండు కన్నాల్లోంచి తీయడం కుదరదు. పైనుంచి గుచ్చి కింద అందుకోవడం, కిందినుంచి గుచ్చి పైన అందుకోవడం. మొదటి రెండు రోజులు నత్తనడకగా అనిపిస్తుంది, కానీ కాన్వాస్ ఒరగదు. మగ్గం వర్క్‌కు వాడే కొక్కెం సూది, ఆరిని మాత్రం పక్కన పెట్టేయండి.

ప్రశ్న: బాస్కెట్‌వీవ్ నేర్చుకున్నాను. దగ్గర్నుంచి బాగానే ఉంది, దూరం నుంచి చూస్తే ఆకాశం మీద ఏటవాలుగా రెండు గీతలు కనబడుతున్నాయి.
– డాలస్

జవాబు: ఆ గీతల దగ్గర మీరు పక్కపక్కన రెండు వరసలు ఒకే దిక్కుగా కుట్టారు. వెనక తిప్పితే అక్కడ చాప అల్లిక తెగి, రెండు వరసలూ అడ్డంగానో, రెండూ నిలువుగానో కనబడతాయి.

ఇది మళ్లీ జరక్కుండా ఉండాలంటే కాన్వాస్‌నే చదవడం నేర్చుకోవాలి. కుట్టని చోట ఒక కూడలిని భూతద్దంలో చూడండి. ఒక చోట నిలువు పోగు, అంటే పడుగు, పైన తేలి ఉంటుంది. పక్క కూడలిలో అడ్డపోగు, అంటే పేక, పైన ఉంటుంది. మళ్లీ పడుగు, మళ్లీ పేక. కానీ ఏటవాలుగా ఒక వరస వెంట చూపు పోనిస్తే, ఆ వరస పొడుగునా పడుగే పైన ఉంటుంది, పక్క ఏటవాలు వరస పొడుగునా పేకే. బాస్కెట్‌వీవ్ వరసలు కూడా ఏటవాలుగానే నడుస్తాయి కాబట్టి ఏ వరస ఎటు పోవాలో నేతే చెబుతుంది: పడుగు పైన ఉంటే దిగండి, పేక పైన ఉంటే ఎక్కండి. నిలువుగా ఉన్నది తాటిచెట్టనుకోండి, దాని మీంచి జారుతున్నారు. అడ్డంగా ఉన్నది నిచ్చెన మెట్టు, దాని మీద ఎక్కుతున్నారు. దిగేటప్పుడు సూది నిలువుగా రెండు పోగుల కిందినుంచి వస్తుంది, ఎక్కేటప్పుడు కుడి నుంచి ఎడమకు అడ్డంగా రెండు పోగుల కిందినుంచి.

నేతలో వచ్చిన గట్టి అంచు ఎప్పుడూ మీ ఎడమకో కుడికో ఉండాలి, అప్పుడే ఈ సూత్రం పనిచేస్తుంది. బొమ్మలో వేరువేరు చోట్ల మొదలుపెట్టిన భాగాలు కలిసే దగ్గర కూడా గీత రాదు, ఈ పద్ధతిలో ఉన్న అసలు లాభం అదే. ఇంటర్‌లాక్ మీద మాత్రం ఈ చూపు కుదరదు. అక్కడ కుట్టు ఆపేటప్పుడు వరస చివర కాకుండా మధ్యలో ఆపండి, తిరిగి వచ్చాక ఎటు పోతున్నారో తెలుస్తుంది. సూదిని మాత్రం బొమ్మలో గుచ్చి వదలకండి. తేమకు తుప్పు మరక పడితే దాన్ని ఏ సబ్బూ తీయలేదు.

ఇప్పటికే ఉన్న గీతలంటారా? ఆకాశంలాంటి చదునైన రంగులో దాచడానికి ఏమీ లేదు. ఆ వరసల దాకా విప్పడమే.

ప్రశ్న: ఊలు మొదట్లో నిండుగా ఉండి, దారం చివరికొచ్చేసరికి పలచబడిపోతోంది. నాసిరకమా?
– విశాఖపట్నం

జవాబు: ముందు మీ దారం పొడుగు ఎంతో చూసుకోండి. మాటిమాటికీ ఎక్కించే బాధ తప్పుతుందని బారెడు దారం తీసుకుంటే ఇలాగే అవుతుంది. ప్రతి కుట్టుకీ మొత్తం దారం కాన్వాస్ పోగులను రాసుకుంటూ రెండుసార్లు పోతుంది. పొడుగు ఎక్కువైతే చివరి భాగం వందసార్లకు పైగా రాపిడి తింటుంది. మూరెడు, అంటే 18 అంగుళాలు, అంతకు మించొద్దు. సూదిని దారం మీద అప్పుడప్పుడు కాస్త జరుపుతూ ఉంటే బెజ్జం ఒకేచోట కోయదు.

ఊలుకు వాలు ఉంటుంది. రెండు వేళ్ల మధ్య అటొకసారి, ఇటొకసారి లాగండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరగరలాడుతుంది. నున్నగా జారే దిక్కే కాన్వాస్‌లోంచి పోయే దిక్కు కావాలి. తేడా తెలియకపోతే చెంపకు రాసి చూడండి, వేలికి అందనిది చెంపకు అందుతుంది.

ఎక్కించేటప్పుడు ఉమ్మితో తడపకండి. దారాన్ని సూది మీద మడిచి, మడతను గోళ్ల మధ్య నొక్కి పట్టి, బెజ్జాన్నే దాని మీదికి తొయ్యండి. అయిదారు కుట్లకొకసారి సూదిని వేలాడదీసి వదిలేయండి, అదే తిరిగి పురి విప్పుకుంటుంది. పురి ఎక్కిన దారం సన్నబడి గడిని కప్పదు.

స్వెట్టర్లు అల్లే యాక్రిలిక్ ఊలు వాడుతుంటే ఈ జాగ్రత్తలేవీ పనిచేయవు. అది సాగుతుంది, కుట్టాక వెనక్కి ముడుచుకుని కాన్వాస్‌ను ముడతలు పెడుతుంది.

ప్రశ్న: తెల్ల కొంగను నల్లటి చెరువు మీద కుట్టాను. కొంగ బూడిదరంగుకు తిరిగింది.
– గుంటూరు

జవాబు: చేతిమురికి అనుకుంటున్నారేమో, మా అనుమానం నల్లదారం మీద. తెలుపు వెనక నల్ల తోకలు దూరి ఉంటే ముందుకు నీడలా తెలుస్తుంది. నల్లదారాన్ని నల్ల కుట్ల కిందే ముగించాలి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి అంగుళం మించి వెనక నుంచి లాక్కుపోకూడదు.

రెండోది సూది నడక. ఖాళీ కన్నంలోంచి పైకి రండి, ఇప్పటికే దారం ఉన్న కన్నంలోకి దిగండి. దారం ఉన్న కన్నంలోంచి పైకొస్తే సూది ఆ దారపు పీచును వెంట తెస్తుంది. దిగితే పీచు వెనక్కే పోతుంది. తెలుపు, నలుపు కలిసే అంచున ఈ ఒక్క అలవాటుతో ఎంతో తేడా వస్తుంది.

ఏ రంగు ముందు అన్నదాని మీద కుట్టేవాళ్లలో రెండు పక్షాలున్నాయి. చిన్న తెల్ల భాగాలను ముందే కుట్టేయాలని మా అభిప్రాయం, పక్క కన్నాల్లో అప్పటికింకా నలుపు ఉండదు. తెలుపే వెనక రంగైతే మాత్రం చివర కుట్టండి, లేకపోతే నెలల తరబడి చేతుల కింద నలుగుతుంది. కుట్టేముందు చేతులు కడుక్కోవడం సరే, క్రీము రాసుకున్న చేతులతో కూర్చోవద్దు. కొంగ మీది పీచును టేపు ముక్కతో అద్ది తీసి చూడండి, కొంత తేరుకోవచ్చు. గీతలకు పెన్సిల్ అసలు వాడకండి, ఆ పొడి తెల్లదారానికి అంటుకుంటుంది.

ప్రశ్న: దారం ఎంత కొనాలో ముందే తెలుసుకునే లెక్క ఉందా? సగంలో అయిపోయి మళ్లీ కొంటే రంగు కలవలేదు.
– బెంగళూరు

జవాబు: ఉంది. మీ చేతి బిగువుతో, మీ దారంతో ఒక చదరపు అంగుళం కుట్టి, ఎంత పట్టిందో కొలవడం అన్నిటికన్నా నిజమైన లెక్క. కాగితం మీద అయితే, 12 గళ్ల కాన్వాస్‌లో బాస్కెట్‌వీవ్ చదరపు అంగుళానికి 41 అంగుళాల దారం. మొదలు, చివర తోకలు, దారం మందం కలిపి 50 వేసుకోండి. 14 అంగుళాల కుషన్ 196 చదరపు అంగుళాలు. అందులో సగం వెనక రంగు అనుకుంటే 98. 98ని 50తో గుణిస్తే 4,900 అంగుళాలు, అంటే సుమారు 124 మీటర్లు. ఎనిమిది మీటర్ల లచ్చిలు పదహారు. విప్పి మళ్లీ కుట్టేవి ఉంటాయి కాబట్టి పద్దెనిమిది కొనండి, అన్నీ ఒకే అద్దకం నంబరువి. తక్కువ పడతాయని ముందే తెలిస్తే, పాతవి కొన్ని ఉండగానే కొత్తవి తెచ్చి, కొన్ని వరసల పాటు ఒకటి పాతది, ఒకటి కొత్తది కుట్టండి. తేడా గీతలా కాక పొగమంచులా కలిసిపోతుంది.

ప్రశ్న: తప్పు కుట్లు విప్పుతూ కాన్వాస్ పోగు కత్తిరించేశాను. ఇక పారేయాలా?
– కాకినాడ

జవాబు: అక్కర్లేదు. తెగింది ఒక్క పోగే అయితే ఖాళీ అంచు నుంచి ఒక పోగు ఊడదీసి, తెగిన చోటికి రెండు వైపులా అయిదారు గళ్ల దాకా, పాత పోగు పక్కనే, ఒక పోగు పైనుంచి ఒక పోగు కిందినుంచి అల్లుతూ తీసుకెళ్లండి. దాని మీదుగా కుట్టేస్తే పట్టి ఉంటుంది. రెండుమూడు తెగితే అదే రకం కాన్వాస్ ముక్క, చుట్టూ అర అంగుళం ఎక్కువ ఉండేలా, వెనక పెట్టండి. పైకన్నం మీద కిందికన్నం సరిగ్గా కూర్చోవాలి. మామూలు దారంతో టాకా వేసి, రెండు పొరల్లోంచీ కలిపి కుట్టండి.

ఈసారి విప్పేటప్పుడు సూది బెజ్జం వైపుతో కుట్టును పైకి లేపి, చిన్న కత్తెరతో ఆ లేచిన దారాన్నే కత్తిరించండి. ముక్కలను వెనకనుంచి పట్టకారుతో తీయండి. ఊడదీసిన దారాన్ని మళ్లీ వాడొద్దు.

ప్రశ్న: నాది ఎడమచేతి వాటం. అన్ని బొమ్మలూ కుడిచేతి వాళ్లకే గీశారు.
– న్యూజెర్సీ

జవాబు: కాన్వాస్‌ను తలకిందులు చేసి పట్టుకుని కుట్టండి. సగం చుట్టు తిప్పినా టెంట్ స్టిచ్ వాలు మారదు. పావు చుట్టు తిప్పి కుడితే మాత్రం వాలు ఎదురుతిరుగుతుంది. కుడిచేతి వాళ్లూ చేసే పొరపాటే ఇది. టేపు మీద పై అంచున "పైన" అని రాసిపెట్టుకోండి.

ప్రశ్న: నీడిల్‌పాయింట్, టేపెస్ట్రీ ఒకటేనా?
– విజయవాడ

జవాబు: కాదు. టేపెస్ట్రీ మగ్గం మీద నేసేది, ఇది నేసిన కాన్వాస్ మీద కుట్టేది. బ్రిటన్ దుకాణాల్లో దీన్నీ టేపెస్ట్రీ అనే అమ్ముతారు కాబట్టి సూదికి, ఊలుకు ఆ పేరు స్థిరపడింది. ఇక యూరప్‌లో మధ్యయుగాల నాటి ప్రఖ్యాతమైన బాయో టేపెస్ట్రీ ఈ రెండూ కాదు, నారబట్ట మీద ఊలుతో చేసిన ఎంబ్రాయిడరీ.

ప్రశ్న: వానాకాలంలో సగం కుట్టింది ఎలా దాచాలి?
– నెల్లూరు

జవాబు: మడతపెట్టకుండా, కుట్టిన ముఖం బయటికి ఉండేలా గొట్టానికి చుట్టి, ఉతికిన పాత నూలుచీర ముక్కలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే లోపల చెమ్మ పట్టి గంజి మెత్తబడుతుంది, బూజూ పడుతుంది. నాఫ్తలీన్ ఉండలను దారానికి తగలకుండా విడిగా గుడ్డలో కట్టి ఉంచండి. ఊలును తినే పురుగు చెమట మరకలున్న చోటికే ముందు వస్తుంది, కాబట్టి నెలకోసారి విప్పి, నీడన గాలి తగలనివ్వండి.